భానుమతి గారి పొగరు ఎక్కడిది?

భానుమతి రామకృష్ణ పేరెత్తితే చాలు, కాసేపటికి మాట ‘మిస్సమ్మ’ దగ్గరికి వెళ్తుంది. విజయా వారి ఆ సినిమాకు మొదట అనుకున్న కథానాయిక ఆవిడే. నాలుగు రీళ్ళ దాకా తీశారు కూడా. వరలక్ష్మీ వ్రతం రోజున షూటింగుకు ఆలస్యంగా వచ్చారనీ, క్షమాపణ కోరుతూ ఉత్తరం రాసిమ్మని నిర్మాత చక్రపాణి గారు పట్టుబట్టారనీ, ఆవిడ రాయనుగాక రాయనన్నారనీ, తీసిన రీళ్ళను చక్రపాణి గారు తగలబెట్టించారనీ సినిమావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. మేరీ పాత్ర సావిత్రి గారికి వెళ్ళింది. సావిత్రి గారికి అనుకున్న రెండో పాత్ర జమున గారికి వెళ్ళింది. 1955 జనవరిలో సినిమా విడుదలైంది. తర్వాతి సంగతి తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు.

ఈ కథ చెప్పినవాళ్ళు చివర్లో తప్పకుండా ఒక మాట అంటారు: “అంత పొగరు ఆవిడకి!” కొందరు మురిసిపోతూ అంటారు. కొందరు ‘ఎంత మంచి పాత్ర పోగొట్టుకుందో చూశారా’ అన్నట్టు అంటారు. ఏళ్ళ తరబడి ఆవిడ పాటలు వింటూ, సినిమాలు మళ్ళీ మళ్ళీ చూస్తూ పెరిగిన అభిమానిగా నాకు ఈ రెండూ చాలవు. పొగరు ఉన్నవాళ్ళు ఆవిడకు ముందూ ఉన్నారు, తర్వాతా వచ్చారు. ఎక్కువమంది దానికి పెద్ద మూల్యమే చెల్లించారు. భానుమతి గారు మాత్రం పెద్ద సంస్థ సినిమా నుంచి బయటికి నడిచి, మర్నాడు ఇంకో సెట్‌లో దర్జాగా కుర్చీ వేసుకుని కూర్చోగలిగారు. అది స్వభావం ఒక్కదానితో అయ్యే పని కాదు. ఆ ధైర్యం కింద ఏముందో విడదీసి చూడాలి.

ముందుగా ఆ రోజుల్లో నటి పరిస్థితి ఎలా ఉండేదో తెలియాలి. తెలుగు సినిమా మద్రాసులో ఉండేది. వాహిని, జెమిని, ఏవీఎం, విజయా లాంటి కొన్ని సంస్థల చేతిలో స్టూడియోలు, డబ్బు, పంపిణీ అన్నీ ఉండేవి. నటీనటుల్ని ఏళ్ళ లెక్కన అగ్రిమెంటు రాయించుకుని, నెల జీతం మీద పెట్టుకోవడం మామూలు. ఎన్టీ రామారావు గారంతటి వారు కూడా తొలి రోజుల్లో విజయా వారి దగ్గర అలా పనిచేసినవారే. అగ్రిమెంటులో ఉన్నంతకాలం బయటి సినిమా చెయ్యాలంటే అనుమతి కావాలి. మగవాళ్ళకు ఆ దశ దాటాక సొంత బేరం కుదిరేది. ఆడవాళ్ళకు వయసు మీద పడేలోగా దాటడమే కష్టం.

దీనికి తెలుగులో కాంచనమాల గారి జీవితాన్ని మించిన ఉదాహరణ లేదు. 1938లో ‘మాలపిల్ల’, ‘గృహలక్ష్మి’ వచ్చాక ఆవిడ తెలుగుదేశాన్ని ఊపేసిన తార. క్యాలెండర్ల మీద ఆవిడ బొమ్మ ఉండేది. 1942లో జెమిని వారి ‘బాలనాగమ్మ’ ఘనవిజయం సాధించింది. ఆ సంస్థతోనే అగ్రిమెంటు విషయంలో తగాదా వచ్చింది. ఆ తర్వాత ఆవిడ వెండితెర జీవితం దాదాపు ఆగిపోయింది, మనసు చెదిరిపోయింది. చాలా ఏళ్ళకు ‘నర్తనశాల’లో ఒక చిన్న పాత్రలో కనబడ్డారు. అందం, పేరు, ప్రజల ప్రేమ అన్నీ ఉన్న మనిషి ఒక్క అగ్రిమెంటు దగ్గర నిలవలేకపోయారు. భానుమతి గారు పరిశ్రమలో అడుగులు వేస్తున్న రోజుల్లోనే ఇదంతా జరిగింది.

గొంతు ఎవరిదైతే పాట వాళ్ళది

భానుమతి గారు 1925 సెప్టెంబరు 7న ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టారు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య గారు సంగీతం తెలిసినవారు, నాటకాలంటే ప్రాణం. కూతురికి సంగీతం దగ్గరుండి నేర్పించారు. ఈ పాఠాలే తర్వాత ఆవిడకు పెట్టుబడి అయ్యాయి. అవి లేకపోతే మిగతా కథ ఇంకోలా ఉండేది.

1939లో సి.పుల్లయ్య గారు కాళ్ళకూరి నారాయణరావు గారి ‘వరవిక్రయం’ నాటకాన్ని సినిమాగా తీస్తూ కాళింది పాత్రకు ఈ పిల్లను తీసుకున్నారు. అప్పటికి ఆవిడకు పదమూడేళ్ళు. కట్నం పెళ్ళి ఇష్టం లేక ప్రాణం తీసుకునే అమ్మాయి పాత్ర. ఆ కాలంలో ఎవరి పాట వాళ్ళే పాడాలి. కెమెరా తిరుగుతుండగానే పాడాలి. హార్మోనియం, ఫిడేలు, తబలా వాయించేవాళ్ళు కెమెరాకు కనబడకుండా చెట్టు చాటునో తెర వెనకో సర్దుకుని కూర్చునేవారు. నటి ముఖంలో భావం చెడకూడదు, శ్రుతి తప్పకూడదు, రెండూ ఒకేసారి జరగాలి. నాటకాల నుంచి వచ్చినవాళ్ళు ఆ రోజుల్లో రాణించడానికి కారణం అదే.

తర్వాత పాటను ముందే రికార్డు చేసి, సెట్‌లో వినిపిస్తూ పెదవులు కదిలించే పద్ధతి వచ్చింది. ముఖం ఒకరిది, గొంతు మరొకరిది అయింది. పరిశ్రమకు ఇది ఎంతో మేలు చేసింది, నిజమే. పాడలేని గొప్ప నటులకు తలుపులు తెరిచింది. పి.లీల, జిక్కి, పి.సుశీల లాంటి గాయనులను మనకు ఇచ్చింది. కానీ బేరం దగ్గర జరిగిన మార్పు ఎవరూ పెద్దగా మాట్లాడరు. నటి చేతిలో అంతకుముందు రెండు విద్యలు ఉండేవి, ఇప్పుడు ఒకటే మిగిలింది. పాట హిట్టయితే ఆ పేరులో సగం ఇంకెవరికో వెళ్తుంది. నటి మారితే గొంతు అలాగే ఉండొచ్చు, గొంతు మారితే నటి అలాగే ఉండొచ్చు. విడదీయగలిగిన దాన్ని మార్చడం నిర్మాతకు తేలిక.

భానుమతి గారు ఆ విడదీతకు ఒప్పుకోలేదు. 1950ల్లో తోటి కథానాయికలు దాదాపు అందరూ నేపథ్యగానం మీద ఆధారపడ్డాక కూడా తన పాట తనే పాడారు. అలా పట్టు విడవనివాళ్ళు ఆవిడతో పాటు ఎస్.వరలక్ష్మి గారు లాంటి కొద్దిమందే. భానుమతి గారిని తీసుకుంటే ఆవిడ గొంతును తీసుకోవాలి. గొంతు కావాలంటే మనిషిని తీసుకోవాలి. గ్రామఫోను రికార్డు మీదా, వెండితెర మీదా పేరు ఒక్కటే. జనం పాట గుర్తు తెచ్చుకుంటే ముఖం గుర్తొస్తుంది.

ఆ గొంతు గురించి కాస్త చెప్పుకోకుండా ముందుకు వెళ్ళలేను. మెత్తగా, తీయగా ఉండే గొంతు కాదది. బరువుంది, కొంచెం ముక్కు పలుకు ఉంది, వాక్యం చివర ఒక విసురు ఉంది. 1945లో బి.ఎన్.రెడ్డి గారి ‘స్వర్గసీమ’లో పాడిన పావురం పాట వినండి. హాలీవుడ్ సినిమాలో విన్న బాణీ ఒకటి ఆవిడ మనసుకు పట్టుకుంది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు దాని ప్రేరణతో తెలుగు పాట కట్టారు. కర్ణాటక సంగీతం నేర్చుకున్న గొంతు ఆ పరాయి బాణీని పట్టుకుని, దాని ఒయ్యారం పోకుండా తెలుగు చేసేసింది. ఆరేళ్ళ తర్వాత ‘మల్లీశ్వరి’లో అదే గొంతు పూర్తిగా వేరే మనిషైపోయింది. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారికి అది తొలి సినిమా. సాలూరి రాజేశ్వరరావు గారి సంగీతం. ‘మనసున మల్లెల మాలలూగెనే’లో ఆవిడ తొందరపడదు. ఎదురుచూపు ముగిసిన మనిషి ఊపిరి ఎలా నెమ్మదిస్తుందో ఆ పాట అలా నడుస్తుంది. వేరొకరు పాడి ఉంటే ఆ పాట అందంగానే ఉండేదేమో. ఆ సినిమా కథానాయిక మల్లి మాత్రం సగమే ఉండేది. ఎందుకంటే ఆ పాటలో నటన ముఖం మీద కన్నా ఎక్కువగా గొంతులో జరుగుతోంది.

ఇది అభిమాని అతిశయం అనుకునేవాళ్ళు ‘ఎందుకే నీకింత తొందర’ కళ్ళు మూసుకుని ఒకసారి, తెర చూస్తూ ఒకసారి వినండి. రెండుసార్లూ ఒకే మనిషి కనబడుతుంది.

భరణి అంటే బిడ్డ పేరు, సంస్థ పేరు

రెండో ఆధారం సొంత సంస్థ. దీని కథ పెళ్ళితో మొదలవుతుంది.

‘కృష్ణప్రేమ’ సినిమా తీస్తున్నప్పుడు దానికి సహాయ దర్శకుడిగా ఉన్న పి.ఎస్.రామకృష్ణారావు గారిని ఇష్టపడ్డారు. ఇంట్లో పెద్దలు ఒప్పుకోలేదు. అయినా 1943 ఆగస్టు 8న పెళ్ళి చేసుకున్నారు. అప్పటికే పేరున్న కథానాయిక, ఆస్తి లేని సహాయ దర్శకుడు. పెళ్ళయ్యాక సినిమాలు మానేసి ఇల్లు చూసుకోవాలనుకున్నారు కూడా. బి.ఎన్.రెడ్డి గారు అడిగితే ‘స్వర్గసీమ’ కోసం తిరిగొచ్చారు. అందులో వీధిలో ఆడిపాడే సుబ్బి, రంగస్థల తార సుజాతగా మారి, పెళ్ళయిన పత్రికా సంపాదకుణ్ణి వలలో వేసుకుంటుంది. కొత్తగా పెళ్ళయిన గౌరవస్థురాలైన గృహిణి వచ్చి వేసిన పాత్ర అది! ఆ పాత్రతోనే ఆవిడ తారాపథానికి ఎక్కారు.

కొడుకు పుట్టాడు, భరణి అని పేరు పెట్టారు. ఆ పేరుతోనే భార్యాభర్తలు భరణి పిక్చర్స్ పెట్టారు. మొదటి సినిమా ‘రత్నమాల’. 1949లో ‘లైలా మజ్ను’ వచ్చింది. అక్కినేని నాగేశ్వరరావు గారు మజ్ను, భానుమతి గారు లైలా, సి.ఆర్.సుబ్బరామన్ గారి సంగీతం, దర్శకత్వం రామకృష్ణారావు గారిది. ఆ తర్వాత మద్రాసు సాలిగ్రామంలో భరణి స్టూడియో కూడా వెలసింది. ఇంట్లోనే దర్శకుడు, ఇంట్లోనే నిర్మాత, ఇంట్లోనే కథానాయిక, ఇంట్లోనే గాయని. కాల్షీట్లు, అడ్వాన్సులు, పంపిణీ హక్కులు, ఫిల్ము ఖర్చు, సెట్ల అద్దె అన్నీ కళ్ళ ముందే జరుగుతాయి. ఇంకో సంస్థవాళ్ళు పారితోషికం మాట్లాడటానికి వచ్చినప్పుడు సినిమాకు ఎంత ఖర్చవుతుందో, తన వల్ల ఎంత వస్తుందో ఆవిడకు ముందే తెలుసు. అవతలివాళ్ళ లెక్క తెలిసిన నటిని మాయ చెయ్యడం కష్టం.

అయితే సొంత సంస్థ ఉంటే చాలా? ఇక్కడే చాలామంది తొందరపడి తీర్మానం చేస్తారు. భానుమతి గారికి ముందూ తర్వాతా నిర్మాతలైన కథానాయికలు ఉన్నారు. కృష్ణవేణి గారు శోభనాచల సంస్థ అండతో ‘మనదేశం’ తీసి 1949లో రామారావు గారిని తెరకు పరిచయం చేశారు. ఆవిడా స్వయంగా పాడేవారే. అంజలీదేవి గారు, సంగీత దర్శకుడైన భర్త ఆదినారాయణరావు గారితో కలిసి అంజలి పిక్చర్స్ నడిపి ‘అనార్కలి’, ‘సువర్ణసుందరి’ ఇచ్చారు. వీళ్ళ ముగ్గురిలోనూ ఒక పోలిక ఉంది. కెరీరు ఊపు మీద ఉండగానే సంస్థ నడిచింది. పక్కన సినిమా తెలిసిన, నమ్మకమైన జీవిత భాగస్వామి ఉన్నారు.

సావిత్రి గారూ నిర్మాత అయ్యారు, దర్శకురాలయ్యారు. 1968లో ‘చిన్నారి పాపలు’, ఆ తర్వాత తమిళంలో ‘ప్రాప్తం’ తీశారు. ధైర్యంలో, ప్రతిభలో భానుమతి గారికి ఏమాత్రం తీసిపోని మనిషి. కానీ ఆవిడ ఆ పనికి దిగేసరికి కథానాయికగా ఊపు తగ్గుతోంది, ఇల్లు కుదురుగా లేదు, డబ్బు లెక్క చూసేవాళ్ళు లేరు. ఆ సినిమాలు ఆవిడను అప్పుల్లోకి నెట్టాయి. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి ‘ఈవిడ తెలివైనది, ఆవిడ అమాయకురాలు’ అని తేల్చేసేవాళ్ళంటే నాకు బాధ. ఒకే పనిని ఇద్దరు వేర్వేరు సమయాల్లో, వేర్వేరు నేల మీద నిలబడి చేశారు. భానుమతి గారి కాళ్ళ కింద నేల గట్టిగా ఉంది, అందులో ఆవిడ ముందుచూపు ఎంతో, అదృష్టమూ అంతే.

తండ్రి పెట్టిన షరతులు

ఇంకో ముడి ఉంది. దీన్ని విప్పడం కొంచెం ఇబ్బంది, ఎందుకంటే ఇందులో ఆవిడ కాలం నాటి కట్టుబాట్లూ కలిసి ఉన్నాయి. కూతుర్ని సినిమాల్లోకి పంపేటప్పుడు వెంకటసుబ్బయ్య గారు నిర్మాతలకు షరతులు పెట్టేవారని చెబుతారు. హీరో అమ్మాయి మీద చెయ్యి వెయ్యకూడదు, కౌగిలింతలు ఉండకూడదు. ఆ రోజుల్లో సినిమా నటి అంటే సమాజం ఎలా చూసేదో తెలిసిన తండ్రి భయం అది. ఇవాళ్టి కళ్ళతో చూస్తే అందులో ఆంక్ష కనబడుతుంది. ఆ పిల్ల మాత్రం అందులో నుంచి ఇంకోటి నేర్చుకుందని నా నమ్మకం. పనిలో చేరకముందే షరతు చెప్పొచ్చు. అవతలివాళ్ళు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఇంటికి వచ్చేయొచ్చు. పదమూడేళ్ళకే ఈ సంగతి చూసిన మనిషి, ముప్ఫైకి దగ్గరపడ్డ వయసులో ఉత్తరం రాసిమ్మంటే ఎందుకు రాస్తుంది?

ఆ షరతులు పెట్టే స్థోమత అందరికీ లేదన్నదీ నిజమే. చదువూ సంగీతమూ ఉన్న కుటుంబం, కూతురి సంపాదన మీదే బతకాల్సిన అవసరం లేని ఇల్లు ఆవిడకు దొరికాయి. పూట గడవక చిన్నతనంలోనే మద్రాసు రైలెక్కిన అమ్మాయిలు ఎంతోమంది. వాళ్ళకు తల ఎత్తడమనేది ఆ పూట అన్నం వదులుకోవడమే. భానుమతి గారిని ప్రేమించడమంటే వాళ్ళను తక్కువ చెయ్యడం కాదు కదా.

ఒక తలుపు మూసుకుంటే మూడు తెరిచి ఉన్నాయి

అన్నిటికంటే బలమైన ఆధారం, కానీ తెలుగువాళ్ళం తక్కువగా చెప్పుకునేది, ఆవిడ మార్కెట్టు. భానుమతి గారు తెలుగు నటి మాత్రమే కాదు. 1948లో ‘రాజముక్తి’తో తమిళంలో అడుగుపెట్టారు. జెమిని వారి ‘అపూర్వ సహోదరులు’ తెలుగు, తమిళ రూపాల్లోనూ, దాని హిందీ రూపమైన ‘నిషాన్’లోనూ ఆవిడే కథానాయిక. ఎం.జి.రామచంద్రన్ గారి పక్కన ‘మలైక్కళ్ళన్’, ‘అలీబాబావుం 40 తిరుడర్‌గళుం’, ‘మదురై వీరన్’ చేశారు. అన్నాదురై గారి కథతో వచ్చిన ‘రంగూన్ రాధ’ చూసి, నటనకు వ్యాకరణం రాసిన మనిషని ఆయనే మెచ్చుకున్నారు. తమిళనాట ఆవిడకు ఎంత గౌరవమో, అక్కడి పాత సినిమా అభిమానులను కదిపితే తెలుస్తుంది.

1953లో ‘చండీరాణి’ వచ్చింది. తెలుగు, తమిళం, హిందీ మూడూ ఒకేసారి. దర్శకత్వం ఆవిడది, ద్విపాత్రాభినయం ఆవిడది, పాటలు ఆవిడవి, నిర్మాణం సొంత సంస్థది. హీరో రామారావు గారు. ఇది ఎంత పనో ఊహించండి. ఒకే సెట్‌లో ఒకే సన్నివేశాన్ని ఒక భాషలో తీసి, మాటలు మార్చి, పక్క పాత్రధారులను మార్చి, మళ్ళీ అదే కోపం, అదే నవ్వు ఇంకో భాషలో, మళ్ళీ మూడో భాషలో. పైగా అందులో రాజమందిరంలో పెరిగిన చంప ఒకరు, అడవిలో పెరిగిన చండి ఒకరు. కెమెరా ముందు ఇద్దరిగా నటించి, కెమెరా వెనక్కి వచ్చి ‘ఓకే’ చెప్పాలి. సినిమా పూర్తవకముందే సంగీత దర్శకుడు సుబ్బరామన్ గారు చనిపోతే ఎం.ఎస్.విశ్వనాథన్ గారు మిగతాది పూర్తిచేశారు. అప్పటికి ఆవిడకు ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. మన దేశంలో ఆడవాళ్ళు దర్శకత్వం చెయ్యడమే అరుదైన కాలం అది. ఇంత పని చేసిన మనిషిని మనం ఎక్కువగా ఒక ఆలస్యం కథతో గుర్తుపెట్టుకోవడం నాకు నచ్చదు.

ఇప్పుడు ‘మిస్సమ్మ’ దగ్గరికి మళ్ళీ వద్దాం. ఆ సినిమా తయారవుతున్న 1954లోనే ఆవిడ సినిమాలు ఏమేం వచ్చాయో చూడండి. తమిళంలో ‘మలైక్కళ్ళన్’ వచ్చి పెద్ద విజయం సాధించింది. దాని తెలుగు రూపం ‘అగ్గిరాముడు’ రామారావు గారితో వచ్చింది. భరణి వారి ‘విప్రనారాయణ’లో దేవదేవి పాత్ర వేశారు, నాగేశ్వరరావు గారు విప్రనారాయణుడు. భరణి వారిదే ‘చక్రపాణి’ అనే సినిమాకు నటనతో పాటు సంగీత దర్శకత్వం కూడా ఆవిడదే. ఒక్క ఏడాదిలో ఇన్ని. ఉత్తరం రాసిమ్మన్న రోజున ఆవిడకు రాయకపోతే పోయేది ఒక్క సినిమా. రాస్తే ఏం పోతుందో ఆవిడకు తెలుసు. ఒకసారి రాతపూర్వకంగా లొంగిన సంగతి మద్రాసులో సాయంత్రానికల్లా అందరికీ తెలుస్తుంది. తర్వాతి ప్రతి బేరంలో అది వెంట వస్తుంది.

అందుకే నాకు ఆ నిర్ణయంలో ఆవేశం కన్నా ఆలోచన ఎక్కువ కనబడుతుంది. తన కాల్షీటుకూ తన మాటకూ ఎంత విలువ ఉందో లెక్క తెలిసిన నిర్మాత ఒకరు నటి లోపల కూర్చుని చేసిన నిర్ణయం. చక్రపాణి గారి వైపు నుంచి చూస్తే ఆయనా తప్పు కాదు. సెట్ మీద వందమంది ఎదురుచూస్తుంటే వచ్చే నష్టం ఆయనది, క్రమశిక్షణ ఆయన సంస్థకు ప్రాణం. ఇద్దరూ నిర్మాతలే. ఇద్దరికీ తమ మాట చెల్లించుకునే బలం ఉంది. గొడవ అంత పెద్దదవడానికి కారణం అదే. బలం లేని నటి అయితే ఆ రోజే కన్నీళ్ళు తుడుచుకుని సంతకం పెట్టేది, మనకు ఈ కథే మిగిలేది కాదు. సావిత్రి లాంటి నటి ఆ సినిమాతో వెలుగులోకి రావడం మంచిదే అయిందని భానుమతి గారే తర్వాత సంతోషంగా చెప్పుకున్నారు.

మేరీ పాత్రకు పి.లీల గారు పాడారు. ‘ఏమిటో ఈ మాయ’ విన్నప్పుడల్లా నాకు రెండు ఆనందాలు కలుగుతాయి. విన్న పాట ఒకటి, భానుమతి గారు పాడి ఉంటే ఎలా ఉండేదన్న ఊహ ఒకటి. ఈవిడ పాడి ఉంటే ఆ పాటలో వెన్నెల కొంచెం తగ్గి, గడుసుదనం కొంచెం పెరిగేదనుకుంటాను. మేరీ ఇంకో మేరీ అయ్యేది. ఇప్పుడున్న ‘మిస్సమ్మ’ను వదులుకోవడానికి మాత్రం నా మనసు ఒప్పదు.

దీనికి ఆవిడ ఇచ్చుకున్నది

ఇంత స్వాతంత్ర్యం ఊరికే రాలేదు. ‘మల్లీశ్వరి’ స్థాయి పాత్ర ఆ తర్వాత ఆవిడకు మళ్ళీ దొరకలేదన్నది నా అభిప్రాయం. 1955 నుంచి పదేళ్ళ పాటు తెలుగులో అద్భుతంగా రాసిన ఆడ పాత్రలు ఎక్కువగా సావిత్రి గారి దగ్గరికి వెళ్ళాయి. భానుమతి గారికి వచ్చినవి చాలావరకు ఆవిడ వ్యక్తిత్వాన్ని చూసి రాసినవి. ‘తెనాలి రామకృష్ణ’లో కృష్ణసాని, ‘సారంగధర’లో చిత్రాంగి, ‘బొబ్బిలి యుద్ధం’లో మల్లమ్మదేవి, ‘పల్నాటి యుద్ధం’లో నాయకురాలు నాగమ్మ. పట్టుదల, పంతం, అధికారం ఉన్న ఆడవాళ్ళు. నాగమ్మగా ఆవిడ తెర మీద నిలబడితే పక్కన ఎవరున్నా చిన్నగా కనబడతారు. కానీ మల్లిలో ఉన్న లేతదనం, బేలతనం, చిలిపితనం ఆవిడలో ఉన్నాయని దర్శకులు మరిచిపోయారు. పొగరు అన్న పేరు ముదిరి పాత్రలనూ అదే ఎంచడం మొదలుపెట్టింది. ‘బాటసారి’లో బెంగాలీ రచయిత శరత్‌చంద్ర రాసిన విధవరాలి పాత్రలో ఆవిడ ఎంత అణకువగా, ఎంత లోతుగా చేశారో చూస్తే మనం పోగొట్టుకున్నదేమిటో అర్థమవుతుంది. అదీ భరణి వారి సినిమాయే. తనలోని ఆ రెండో మనిషిని చూపించడానికి ఆవిడ సొంత డబ్బు పెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ రెండో మనిషిని పూర్తిగా చూడాలంటే తెర వదిలి పుస్తకం పట్టుకోవాలి. ‘అత్తగారి కథలు’ చదవనివాళ్ళు ఇప్పటికైనా చదవండి. ఆవకాయ పెట్టడం నుంచి మొదలుపెట్టి ఏ చిన్న విషయాన్నయినా పెద్ద హంగామా చేసే మడి అత్తగారు, ఆవిడ మాటకు ఎదురు చెప్పకుండా, అలాగని లొంగకుండా, ముసిముసిగా నవ్వుకుంటూ గమనించే కోడలు. ఆ కోడలి గొంతు భానుమతి గారిదే. అందులో ఎవరినీ కించపరచడం లేదు. అత్తగారి చాదస్తం మీద నవ్వొస్తుంది, అంతలోనే ఆవిడ మీద ప్రేమ పుడుతుంది. సెట్ మీద ఎవరికీ తలవంచదని పేరుపడ్డ మనిషి, కాగితం మీద ఎంత ఓర్పుగా, ఎంత సరసంగా ఉన్నారో! ఆ పుస్తకానికి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆత్మకథ ‘నాలో నేను’కు సినిమా పుస్తకాల విభాగంలో జాతీయ పురస్కారం వచ్చింది. 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్. తమిళనాడు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా కూడా పనిచేశారు. సాలిగ్రామంలో బడి నడిపారు.

కథానాయిక వయసు దాటాక చాలామంది నటీమణులు తెరకు దూరమయ్యారు, లేదా హీరో వెనక నిలబడి కళ్ళొత్తుకునే తల్లులయ్యారు. ఈవిడ అలా కాలేదు. 1974లో రామారావు గారి దర్శకత్వంలో ‘తాతమ్మ కల’లో తాతమ్మ ఆవిడే. బాలకృష్ణ గారు తెరకు పరిచయమైన సినిమా అది. పదేళ్ళ తర్వాత కోడి రామకృష్ణ గారి ‘మంగమ్మగారి మనవడు’ వచ్చింది. నా తరంలో చాలామందికి భానుమతి గారు పరిచయమైంది ఇక్కడే, మేమంతా మల్లికి మంగమ్మ నుంచి వెనక్కి నడిచి చేరినవాళ్ళం. సినిమా పేరు చూడండి. యాభై తొమ్మిదేళ్ళ నటి పాత్ర పేరు ముందు, కుర్ర హీరో ఆవిడ మనవడిగా వెనక. వాణీ జయరాం గారితో కలిసి ‘శ్రీ సూర్యనారాయణా మేలుకో’ పాడారు, తన పాత్రకు తనే. ‘వరవిక్రయం’ తర్వాత నలభై అయిదేళ్ళకు కూడా ఆ ఒక్క షరతు మారలేదు.

2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూశారు.

ఆవిడ సినిమాలు కొత్తగా చూడాలనుకునేవాళ్ళు ‘మల్లీశ్వరి’తో మొదలుపెట్టండి. వెంటనే ‘చండీరాణి’ చూడండి, కథ కోసం కాదు, ఒక మనిషి ఎన్ని పనులు ఒకేసారి మోసిందో చూడటానికి. ‘బాటసారి’ తీరిగ్గా, ఒంటరిగా చూడాల్సిన సినిమా. ‘అంతస్తులు’లో ‘దులపర బుల్లోడో’ పాట వస్తే ఇంట్లో పిల్లల్ని కూడా పిలవండి. పోకిరీల్ని దుమ్ము దులపమని నలభై ఏళ్ళ భానుమతి గారు పాడుతుంటే ఈ కాలం ఆడపిల్లలు కూడా చప్పట్లు కొడతారు.